జెల్లకు పొలుసులంటించిన శుక్రవారం

భోగాపురం వీధుల్లో చేపలమ్మే దాలమ్మకి గోగునార దొరంటే ఒళ్ళు మంట. ఆయన కొనేది వారానికి ఒక్క చేప, అదీ శుక్రవారం పూట. ఆ ఒక్క చేపకీ చేసే పరీక్షలు పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ చెయ్యరు. బుట్ట దించగానే కళ్ళజోడు సర్దుకుని, చేపని అటూ ఇటూ తిప్పి రెక్కలున్నాయో లేదో చూసి, తరవాత బొటనవేలి గోరుతో దాని పక్కన గీరేవాడు. పొలుసు ఊడి గోటికి రావాలి, తోలు మాత్రం చిరగకూడదు. అలా అయితేనే బేరం. రొయ్యలు చూపిస్తే ఒక దండం పెట్టేవాడు. పీతలు చూపిస్తే రెండు దండాలు పెట్టి లోపలికి పోయేవాడు.

"బుట్టలో ఉన్న మంచి సరుకంతా ఒగ్గేసి పొలుసులు కొంటాడే ఈ మడిసి!" అని దాలమ్మ వీధి మలుపు తిరిగేదాకా సణిగేది.

దొర అసలు పేరు హయీం. తాతల నాడెప్పుడో బాగ్దాదు నుంచి కలకత్తా చేరిన కుటుంబం. కలకత్తాలో ఒక నార కంపెనీ తరఫున, ఇరవయ్యేళ్ళుగా ఏటా గోగు కోతల కాలానికి వచ్చి, ట్రంకు రోడ్డు పక్కన ఒక పెంకుటింట్లో ఒంటరిగా మకాం పెట్టేవాడు. తెలుగంతా రైతుల దగ్గరా బండివాళ్ళ దగ్గరా నేర్చుకున్నాడు. అందుచేత అరవయ్యేళ్ళు దాటిన ఆ తెల్లటి పెద్దమనిషి నోరు తెరిస్తే గోగుకట్టల బండి తోలేవాడే మాట్లాడుతున్నట్టుండేది. మధ్యలో రెండు మూడు బూతులు కూడా దొర్లేవి. అవి బూతులని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెబితే సరదా పోతుందని.

దాలమ్మ వెనక రెండో బుట్ట మోసేది ఆమె మనవరాలు గురమ్మ. తండ్రి వేటకి పోయేవాడు, తల్లి ఒడ్డున చేపలెండబెట్టేది, పదిహేనేళ్ళ గురమ్మ మామ్మతో ఊరి మీద పడేది. ఎనిమిదో క్లాసుతో చదువు ఆగింది. ఆగడానికి సాకులు నాలుగున్నా, బడిలో ఎవరూ బాధపడకపోవడానికి కారణం ఒకటే, ఆ పిల్ల ప్రశ్నలు. ఇన్ని నదులు తియ్యటి నీళ్ళు పోస్తుంటే సముద్రం ఉప్పగానే ఏల ఉన్నాది అని అడిగినందుకు సోషల్ మేస్టారు జగన్నాధం గారు బెంచీ ఎక్కించారు. ఇంట్లో అడిగితే మామ్మ నెత్తిన మొట్టేది.

అరవై ఎనిమిదో సంవత్సరం కార్తీకంలో, గురమ్మ దొరనే నేరుగా అడిగేసింది.

"పొలుసు నేని సేప మీరేల తినరు దొరగారూ?"

దొర గోరు గీరడం ఆపి, "నువ్వేటనుకుంతన్నావు?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లని ఆ మాట అడిగినవాడు లేడు. ఇంటికెళ్ళేదాకా అదే ఆలోచించింది. మర్నాడు జవాబు పట్టుకుని వెళ్ళింది, దొర దానికి ఇంకో ప్రశ్న వేశాడు. అలా మొదలైంది.

తాను క్రిస్టియన్ని కాదనీ, యూదుణ్ణనీ ఆయన చెప్పాడు. యూదులంటే కిందటేడు పేపర్లో యుద్ధం చేసినవాళ్ళని మాత్రమే ఊళ్ళో తెలుసు. ఈ ముసలాయన ఎవరితో యుద్ధం చేస్తాడో గురమ్మకి అంతుపట్టలేదు. కానీ వాళ్ళ పెద్ద పండగ రోజున భోజనాల దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ప్రశ్నలడిగితే గానీ పండగ మొదలవదని విన్నప్పుడు, బుట్ట పక్కనే చతికిలబడిపోయింది.

"అడిగితే కొట్టరా?"

"అడక్కపోతే పెద్దోలకి సిగ్గు" అన్నాడు దొర.

శనివారం సంగతి తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకి వారవారం పండగే, చేప ఆ రాత్రి భోజనానికే, అప్పుడు దొర ఏ పనీ చెయ్యడు. నిప్పు ముట్టించడు, డబ్బు ముట్టడు, బరువెత్తడు. శనివారం పొద్దున్న గురమ్మ అటు వెళుతుంటే మాత్రం అరుగు మీద నిలబడి, "ఇయ్యాల సలిగా ఉన్నాదే గుంటా" అని వంటింటి వైపు చూసేవాడు. మొదటి వారం గురమ్మ అవునని పోయింది. రెండో వారం దుప్పటి కప్పుకోమంది. మూడో వారం ఆయన చూపు వెంట వెళ్ళి చూస్తే, కిరసనాయిలు స్టవ్వూ, అగ్గిపెట్టే, నీళ్ళు నింపిన కెటిలూ వరసగా కూర్చుని ఉన్నాయి.

"ముట్టించమని సెప్పొచ్చు గదా!" అంది టీ కాచి ఇస్తూ.

"సెప్పకూడదు. మావోలయితే అసలు ముట్టించకూడదు. బయటోలు ఆలంతట ఆలు ముట్టిస్తే తాగొచ్చు. సలిగా ఉన్నాదంటే తప్పు నేదు."

"మీకు టీ కావాలని దేవుడికి తెలీదేటి?"

"తెలుసు. ఆయనా ఎరగనట్టు ఊరుకుంతాడు" అని దొర చప్పరిస్తూ తాగాడు.

గురమ్మకి ఈ ఉపాయం తెగ నచ్చింది. ఇంటికొచ్చి మామ్మ మీద ప్రయోగించింది. "బుట్ట బరువుగా ఉన్నాది మామ్మా" అని గాలిలోకి చూస్తూ అంది. "బరువుగానే ఉంటాది, ఎత్తు" అంది దాలమ్మ. అందరి దగ్గరా అన్ని మతాలూ పని చెయ్యవు.

ఆ వారమే గురమ్మ నిశ్చయించుకుంది. ప్రశ్నలడిగితే మెచ్చుకునే మతం, వారానికో రోజు బుట్ట ముట్టుకోనివ్వని మతం. తన కొలతలు తీసుకుని కుట్టినట్టే ఉంది. దేవుడి గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు గానీ, అది తరవాత చూసుకోవచ్చు అనుకుంది.

"దొరగారూ, నన్ను మీలో కలిపేసుకోండి."

"కాదు. ఎల్లి సేపలమ్ముకో" అన్నాడు దొర.

వేరే పిల్లయితే మొహం చిన్నబుచ్చుకునేది. గురమ్మకి మాత్రం సంతోషం పట్టలేదు. మామ్మ వెనక బుట్ట మోసి నేర్చుకున్న చదువు అది. కొనేవాడు కాదంటాడు, లేచి నాలుగడుగులేస్తాడు, పిలిస్తే వస్తాడు, మళ్ళీ కాదంటాడు. మూడు మాట్లు కాదనకుండా తెగిన బేరం బేరమే కాదని దాలమ్మ సిద్ధాంతం. మొదటి మాటకే సరేనన్నవాడి చేతికి పాచిపోయిన చేపే అంటగట్టాలి అనేది. దొర కాదన్నాడంటే బేరంలో దిగాడన్నమాట. గురమ్మ ఒకటి అని వేలు మడిచింది.

రెండో కాదు కవళ్ళనే సన్న చేపల దగ్గర వచ్చింది. ఒక శుక్రవారం బుట్టలో కవళ్ళు తప్ప ఏవీ లేవు. దొర గీరితే గోటికి ఏమీ రాలేదు. వద్దని లేవబోయాడు.

"ఆగండి! పొలుసు నేకపోడమేటి? నీల్లలో ఉన్నప్పుడు నిండా ఉంటాది. వలలోంచి తీసేసరికి రాలిపోతాది. మా అయ్య పడవలోకి దిగి సూడండి, అడుగంతా పొలుసే."

దొర కళ్ళజోడు తీసేశాడు. ఆయన మొహం చూస్తే ఎవరో చుట్టం వచ్చినట్టుంది. "మా పుస్తకంలో ఇదే రాసున్నాదే గుంటా! నీల్లలోంచి పైకొచ్చాక పొలుసు రాల్చీసే సేప సెల్తాదని. ఇంకోటి కూడా. సిన్నప్పుడు నేకపోయినా, పెద్దయ్యాక పొలుసొచ్చే సేప ఇప్పుడే సెల్తాదని. రెండు వేల ఏల్ల కిందటి మాట."

"రెండు వేల ఏల్ల కిందట మీలో కూడా సేపలోలు ఉన్నారన్నమాట" అంది గురమ్మ. అని, సమయం బాగుందని మళ్ళీ అడిగింది.

ఈసారి దొర అరుగు మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ చెప్పాడు. రొయ్యలు మానాలి. పీతలు మానాలి. మామ్మ చేసే జెల్ల పులుసు మానాలి. కుడి నుంచి ఎడమకి రాసే అక్షరాలు నేర్చుకోవాలి, ఏళ్ళ తరబడి చదవాలి. తాను ఎవరినీ కలపలేడు. బొంబాయిలోనో ఎక్కడో ముగ్గురు పెద్దలు కూర్చుని అడుగుతారు, వాళ్ళూ ముందు పొమ్మనే అంటారు. ఆఖరికి ఒప్పుకుంటే నీళ్ళలో నిలువునా ముంచుతారు.

"ఏ నీల్లు? సముద్రం సెల్తాదా?"

"సముద్రమే అన్నిటికన్నా మంచిది."

"అయితే సగం పని అయిపోనాదే! నాను పుట్టిన కాడి నుంచి మునుగుతానే ఉన్నాను."

దొర నవ్వలేదు. "మీ గంగమ్మకి దండం ఎట్టడం కూడా మానాలి."

అయ్య పడవ తోసేటప్పుడు రోజూ గంగమ్మకి దండం పెట్టేది గురమ్మే. ఆ దండం లేకుండా పడవ ఎలా పోతుందో ఊహకి అందలేదు. ఆ మాట దాటవేయడానికి మనసొప్పలేదు.

"అందుకే కాదంతన్నాను. ఇంటికెల్లు" అన్నాడు దొర మెత్తగా.

రెండు. ఇది బేరంలా లేదని గురమ్మకి లోపల తెలుస్తూనే ఉంది. అయినా వేలు మడిచింది. ఆ రాత్రి రొయ్యల ఇగురు వద్దంది. దాలమ్మ ఆశ్చర్యపడలేదు. కిందటేడు ఈ గుంట సర్కసులో కలిసిపోతానని వారం రోజులు తాడు మీద నడిచింది. ఇదీ అలాంటిదేనని వదిలేసింది.

మార్గశిరంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు పడవలు ఒడ్డెక్కేశాయి. శుక్రవారం వచ్చేసరికి సముద్రంలో కలిసే గెడ్డలో పోటుకి పడ్డ నాలుగు జెల్లలు తప్ప ఊళ్ళో పచ్చి చేప లేదు. జెల్లకి పొలుసుండదని చంటిపిల్లలకి కూడా తెలుసు. నున్నటి తోలు, పిల్లికున్నట్టు మీసాలు.

"ఆ ముసిలోడు పండగ పూట సేప నేకుండా తింటాడా? ఒంటిగాడు పాపం" అంది దాలమ్మ. తిట్టినంతసేపూ తిట్టినా, శుక్రవారం ఆయన గుమ్మం దాటి పోవడం ఆమె వల్ల కాదు. "తల కోసేసి ఇచ్చేద్దారి. మీసాలు కనపడవు."

"గోరెట్టి గీరతాడు మామ్మా."

అలా అంటూనే గురమ్మ చూపు పాక వెనక్కి పోయింది. వాయుగుండానికి ముందు కోసిన కొయ్యంగ చేపల పొలుసులు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. పొయ్యి మీద గంజి ఉంది. ఆ పిల్ల బుర్ర అలాంటి వేళల్లో దీపావళి మతాబులా వెలిగేది.

గంటసేపు కూర్చుని, చిక్కటి గంజి రాసి, ఒక్కొక్క పొలుసూ పేర్చింది. తోక నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి, ఇల్లు కప్పిన పెంకుల్లా. దాలమ్మ పక్కన కూర్చుని, "ఇక్కడ బోడిగా ఉన్నాదే, ఇంకోటెట్టు" అని సలహాలిచ్చింది. పని పూర్తయ్యాక ఆ జెల్లని దేవుడు చూసినా తానే చేశానా అని అనుమానపడేవాడు.

దొర చేపని తిప్పాడు. "తలేదీ?"

"పిల్లి ఎత్తుకుపోనాది" అంది దాలమ్మ కన్నార్పకుండా.

దొర రెక్కలు చూశాడు, ఉన్నాయి. గోరు పెట్టి గీరాడు. పొలుసు హాయిగా ఊడి గోటికి వచ్చింది. తోలు చిరగలేదు. దొర మొహం వెలిగిపోయింది. "దాలమ్మా, ఇరవయ్యేల్లలో ఇంత సుక్కంగా ఊడిన పొలుసు సూడనేదే!"

మామ్మా మనవరాలూ మిగతా జెల్లలు ఊళ్ళో అమ్ముకుని, సరుగుడు తోట దాకా బిగబట్టుకుని నడిచారు. అక్కడ బుట్టలు దించి, పొట్టలు పట్టుకుని నవ్వారు. దాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "తెలీక తింతే ఆడికేటి పాపం? ఏటీ నేదు" అంది.

ఆ మాట దగ్గర గురమ్మ నవ్వు ఆగిపోయింది.

ఆయనకి పాపం లేదు సరే. నాకో? వచ్చే వారం వెళ్ళి మూడోసారి అడగాలి. ఏమని అడుగుతాను? నీ చేత జెల్ల తినిపించిన చేతులే ఇవి, నీలో కలుపుకో అనా? దండం పెట్టి వద్దనే చేపని, పండగ పూట, నవ్వుకుంటూ నోట్లో పెట్టుకుంటాడు ఆ ముసలాయన. నువ్వేమనుకుంటున్నావని ఊరంతటిలో తనని అడిగింది ఆయనొక్కడే. గురమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది.

చెబితే ఆయన ఇక గుమ్మంలోకి రానివ్వడు. పొలుసులంటించే దాలమ్మ అని భోగాపురమంతా మామ్మ పేరు మోగుతుంది. చెప్పకపోతే పొద్దుగూకాక ఆయన తింటాడు. పొద్దు అప్పటికే తాటిచెట్ల మీద ఉంది.

"బుట్ట సూస్తుండు మామ్మా" అని గురమ్మ వెనక్కి పరిగెత్తింది.

వెళ్ళేసరికి పొద్దుగూకింది, గాజుగ్లాసుల్లో నూనె వత్తులు రెండు వెలుగుతున్నాయి. దొర ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బల్ల ముందున్నాడు. గుడ్డ కప్పిన రొట్టె, ఎండుద్రాక్ష నానేసిన నీళ్ళు, పళ్ళెంలో పసుపుపచ్చగా పులుసు. రొట్టె ముక్క తుంచి ఆ పులుసు వైపే చెయ్యి చాపుతున్నాడు.

"తినకండి! అది జెల్ల!"

దొర చెయ్యి ఆగింది.

"కొయ్యంగ పొలుసులు. గంజెట్టి నానే అంటించాను. మామ్మ కాదు, నానే" అంది గురమ్మ ఒగరుస్తూ.

దొర తన బొటనవేలి గోరు వైపు చాలాసేపు చూసుకున్నాడు. బండివాళ్ళ బూతు ఒక్కటైనా వస్తే బాగుండునని గురమ్మకి అనిపించింది. ఆయన పళ్ళేన్ని మోచేత్తో దూరంగా నెట్టాడు.

"నన్ను నవ్వులాటకి ఎట్టుకున్నారు" అన్నాడు చివరికి. "పో. ఈ గుమ్మం తొక్కకు."

మూడు. ఈసారి గురమ్మ వేలు మడవలేదు.

ఇంటికొచ్చి ఏడుస్తూ జరిగింది చెప్పింది. తన పరువు బజారున పెట్టినందుకు దాలమ్మ చీపురు తీసింది. ఎత్తిన చీపురు ఎత్తినట్టే ఉంచి, "ఎన్నో మాటు కాదన్నాడు?" అంది.

"మూడు."

చీపురు కింద పడేసింది. "మరింకేటి ఏడుపు? తెల్లారి ఎల్లు. మూడో మాటు తిట్టి లేచినోడే ఎనక్కి సూస్తాడు."

"అది బేరం కాదు మామ్మా. నిజంగానే పొమ్మన్నాడు."

"నువ్వూ నిజంగానే సెప్పినావు గదా! నిన్ను ఆల్ల మతంలోకి పొమ్మని అనడం నేదు, పోతే కాల్లిరగ్గొడతాను. నిజం సెప్పినోల్లని తిట్టి పంపీడం తప్పు. తప్పని ఆడి సేత అనిపించుకుని రా."

శనివారం పొద్దున్నకి వాన పూర్తిగా వెలిసింది గానీ, సముద్రం మీంచి గాలి ఎముకలు కొరికేస్తోంది. దొర అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. గురమ్మని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల గుమ్మం తొక్కలేదు. రోడ్డు మీదే నిలబడింది.

"దొరగారూ, ఒక పెశ్న."

దొర శాలువా సర్దుకున్నాడు.

"సిన్నోలు అడిగితే కాదనకూడదన్నారు గదా."

దొర మూలిగాడు. "అడుగు."

"నీల్లలోంచి పైకొచ్చాక పొలుసు రాల్చీసే సేప సెల్తాదా?"

"సెల్తాది."

"ఇంకా రాని పిల్ల సేప? పెద్దయ్యాక వచ్చేది?"

"అదీ సెల్తాది. సెప్పాను గదా."

"నాకింకా రానేదు దొరగారూ. వచ్చీసినాయని గంజెట్టి అంటించుకున్నాను. నిన్న ఊడిపోనాయి."

దొర తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో రోడ్డు మీదికి తెలియలేదు. కాసేపటికి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"నువ్వు పరిగెత్తి రాకపోతే తినీసేవోన్ని" అన్నాడు. "నవ్వుకుంటా తినీసేవోన్ని. నిన్న ఆ మాట సెప్పకుండా తిట్టాను. అది నా తప్పు." తరవాత, "గంగమ్మ సంగతి తేలిందా?" అని అడిగాడు.

"తేల్నేదు."

"తేలేదాకా అడుగుతా ఉండు. ఏల్లు పడితే పడనీ. తేలక నువ్వు మీ అమ్మోరి కాడే ఉండిపోయినా, పెశ్నలు మాత్రం ఇక్కడికి తీసుకురా. లోపలికి రా."

గురమ్మ మెట్లెక్కింది. వంటింట్లో స్టవ్వూ, అగ్గిపెట్టే, నీళ్ళు నింపిన కెటిలూ ఎప్పటిలాగే వరసగా ఉన్నాయి. ఆయన ఆ మాట అంటాడని ఎదురుచూసింది. అనలేదు. గాలి ఇంకోసారి విసిరింది. దొర శాలువా చెవుల దాకా లాక్కున్నాడు, పళ్ళు టకటకమంటున్నాయి.

సరే తనే సాయం చేద్దామని, "సలిగా ఉన్నాది గదా దొరగారూ?" అంది వంటింటి వైపు అడుగేస్తూ.

"సలా?" అన్నాడు దొర వణుకుతూ. "సలేటి? నాకేటీ సలి నేదు. నువ్వు కూకో."

గురమ్మ ఆయన మొహం చూసింది. స్టవ్వు ముట్టించేది బయటోలన్న మాట గుర్తొచ్చింది. తరవాత మెల్లిగా వచ్చి అరుగు మీద, ఆయన పక్కన కూర్చుంది. వీధి చివరి నుంచి దాలమ్మ, "ఒసే గుంటా, బుట్ట బరువుగా ఉన్నాదే!" అని కేకేసింది. ఇద్దరూ వినపడనట్టే ఊరుకున్నారు. ఆ శనివారం దొరగారింట్లో స్టవ్వు వెలగలేదు.